ఏం వచ్చిందన్నయ్యా?

కూపన్ మీద ఏమీ రాలేదు. అయినా అబ్దుల్ ఘనీ, "వచ్చింది తల్లీ! ఇంకో సీసా ఉచితం" అన్నాడు.

బాలామణి మొహం విచ్చుకుంది. "నిజంగానా అన్నయ్యా?"

"నిజమే. ఇదిగో, ఈడ రాసిండాడు చూడు" అంటూ ఘనీ అరబ్బీ అక్షరాల మీద వేలు పెట్టాడు.

అక్కడున్నది 'హజ్ ఔఫర్' అని. అంటే ఈసారికి లేదు, మరోసారి అదృష్టం చూసుకోమని.

సౌదీలోని ఉనైజాలో ఖర్జూరాల మార్కెట్ వెనక సందులో ఉందా చిన్న బకాలా, కిరాణా కొట్టు. కొట్టు వీసా ఇచ్చి రప్పించిన యజమాని కఫీల్‌ది, నడిపేది ఘనీ. రాయచోటి మనిషి. చిన్నప్పుడు మదర్సాలో నేర్చిన అక్షరాలు ఇక్కడ అక్కరకొచ్చాయి. బాలామణిది రాజోలు దగ్గర పల్లె. సందు చివరి పెద్దింట్లో వంటమనిషి. ఒకసారి రొట్టెల కోసం వచ్చి, ఘనీ ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పలకరించింది. అప్పటినుంచి అతను ఆమెకు అన్నయ్య.

ఆ వేసవిలో ఒక మామిడి రసం కంపెనీ సీసాల మెడకు గీకే కూపన్లు తగిలించింది. మొదటి బహుమతి కారు. ఎవరికైనా తగులుతుందా అని ఘనీ సరుకు తెచ్చే వ్యాన్ డ్రైవర్‌ని అడిగాడు.

"పూరే ముల్క్ మే ఏక్ హీ కార్ హై, భాయ్" అని నవ్వాడతను.

దేశం మొత్తమ్మీద, లక్షల సీసాలకు ఒక్క కారు. కారు సంగతి అటుంచి, పెట్టెడు సీసాలు అమ్ముడైతే అందులో ఒకరికి ఉచిత సీసా రావడమే గొప్ప. కొట్టు ముందు ఎప్పుడు చూసినా గీకి పారేసిన కూపన్లే.

అన్నీ తెలిసే ఘనీ అబద్ధం ఆడాడు. 'లేదు' అనే మాట అతని నోటికి రాలేదు.

కొన్ని వారాల కిందట అతను విన్నది ఆ మాటే. ఊరినుంచి తమ్ముడు ఆసిఫ్ ఫోన్ చేసి, "అన్నా, మన అఫ్రీన్ ఇంక లేదు" అన్నాడు. డెంగీ. ఒక్కగానొక్క కూతురు. ఆరో తరగతి. ఊరెళ్ళి రావడానికి కావాల్సిన అనుమతి, ఎగ్జిట్ రీఎంట్రీ కోసం ఘనీ ఎన్నిసార్లు చేసినా కఫీల్ ఫోన్ ఎత్తలేదు. బిడ్డ మీద మట్టి వేయడం ఘనీ ఈ కొట్లోనే, ఫోన్లో చూశాడు.

మర్నాడు మామూలుగా కొట్టు తెరిచాడు. అడిగినవి ఇచ్చేవాడు, చిల్లర ఇచ్చేవాడు. అంతే. గదిలో వాళ్ళు ఎంత బతిమాలినా సరిగ్గా తినేవాడు కాదు. కొన్ని వారాలు చూసి బాలామణి కూడా ఓదార్చబోయింది. తల తిప్పుకున్నాడు.

ఆ తర్వాతి శుక్రవారమే ఆమె మామిడి రసం కొంది. కూపన్ గీకి అతని చేతికిచ్చి, "ఏం వచ్చిందన్నయ్యా?" అని ఆశగా చూసింది. ఆ చూపుకి ఘనీ ఇంకేం చెప్పగలడు?

ఉచిత సీసా ఖరీదు తన జేబులోంచి తీసి గల్లాలో వేశాడు. బాలామణి మూత తీసి సీసా అతని ముందే పెట్టింది.

"తాగండన్నయ్యా."

"నీకొచ్చింది నాకేంటికమ్మా?"

"మీ నోటితో చెప్పబట్టే కదండీ వచ్చింది. తాగండి."

ఎదురుగా నిలబడి అంతా తాగించింది.

ఇక ప్రతి శుక్రవారం అదే. ఘనీ ఎప్పటికప్పుడు కొత్త బహుమతి ఆలోచించి పెట్టుకునేవాడు. ఒకసారి బిస్కెట్లన్నాడు. ఒకసారి రొట్టెలన్నాడు. ఇంకోసారి ఏమీ తోచక, "అబ్బో, పెద్దదే తగిలింది. అర డజను గుడ్లు!" అనేశాడు.

"మామిడి రసానికి గుడ్లేంటన్నయ్యా?" అని బాలామణి పడీపడీ నవ్వింది.

ఘనీ కూడా నవ్వాడు. తన నవ్వు తనకే వినబడి ఆగిపోయాడు. గల్లాపెట్టె మీద తల వాల్చి భోరుమన్నాడు. కూతురు పోయాక అతను ఏడవడం అదే మొదలు. బాలామణి లోపలికి ఎవరూ రాకుండా తలుపుకి అడ్డంగా నిలబడింది.

మర్నాడు ఆ గుడ్లతోనే కూర చేసి తెచ్చింది. అది తింటూ ఘనీ మొదటిసారి అఫ్రీన్ గురించి చెప్పాడు. దాని అల్లరి, దాని అలకలు, గోరింటాకు పిచ్చి. ఆమె వింటూ కూర్చుంది.

తర్వాత వరసగా రెండు శుక్రవారాలు బాలామణి రాలేదు. మూడో వారం, అదే ఇంట్లో పిల్లల్ని చూసుకునే చిట్టెమ్మ వచ్చింది.

"అక్క పోయిందన్నయ్యా" అంది. "నిద్దట్లోనే. పొద్దున్న లేపితే లేవలేదు. గుండె అన్నారు. ఇంకా ఆస్పత్రిలోనే ఉంచారు. కాయితాలయితేగానీ ఊరికి పంపరంట."

ఘనీ స్టూలు మీద కూలబడ్డాడు. 

"వారం వారం గెలుస్తాండాననే అనుకుంటా పాయె, పిచ్చిది."

ఆ ఒక్కటే అతనికి మిగిలిన ఊరట. అబద్ధమైతేనేం, తన అదృష్టం మంచిదన్న నమ్మకంతోనే పోయింది.

చిట్టెమ్మ కళ్ళు తుడుచుకుని, పిల్లలు అడిగారని మామిడి రసం తీసుకుంది. కూపన్ గీకింది. ఘనీ అలవాటుగా చెయ్యి చాచాడు.

"ఇట్లియ్యమ్మా. ఏమొచ్చిందో చదివి చెప్తా."

"హజ్ ఔఫర్ అనుందన్నయ్యా. ఏమీ రాలేదు."

ఘనీ చెయ్యి గాల్లోనే ఆగింది. "నీకు అరబ్బీ చదవనొస్తుందా?"

"నేనొచ్చిన కొత్తలో బాలామణక్కే కూర్చోబెట్టి నేర్పిందన్నయ్యా."