ఆగకూడని బండి

"ఇంకోసారి బండి ఆపమన్నావంటే మర్యాదగా ఉండదు!"

నాచిముత్తు గొంతు వ్యానంతా మోగింది.

ఆపమన్నది డ్రైవర్ తంగరాసు కాదు. అతని పక్కన, ఇంజన్ పెట్టె మీద ఒదిగి కూర్చున్న ఓ ముసలాయన.

"ఏం చెయ్యను సామీ, సుగరు. బిగబట్టలేను."

"సుగరుంటే ఇంట్లో పడుండాలి. ఊరేగడం దేనికి?"

వెనక సీట్లలో నవ్వులు.

నాచిముత్తు కోపం ఊరికే రాలేదు. కాంగేయంలో చెల్లెలి కొడుక్కి ఆ రోజు చెవులు కుడుతున్నారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే కుట్టాలి. అదీ రాహుకాలం రాకముందే. పైగా కొబ్బరికాయ కొట్టి సారె తట్టలు ఎక్కించాక, ఆడపిల్ల గడప చేరేదాకా బండి ఆగకూడదన్నది వాళ్ళింటి ఆనవాయితీ.

ఆ బండి తిరుచెంగోడు రాకముందే రెండుసార్లు ఆగింది.

రాశిపురంలో బయల్దేరేటప్పుడు అందరూ వ్యాను చుట్టూ తిరిగి చూశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అద్దానికి పసుపు రాశారు. డ్రైవరు మొహం మాత్రం ఒక్కరూ చూడలేదు.

అతను వేళాంకణ్ణి యాత్ర బాడుగ నుంచి తెల్లారాకే తిరిగొచ్చాడు. ముహూర్తాల రోజులు, ఇంకో డ్రైవరు లేడంటూ ఓనరు అతన్నే మళ్ళీ పంపాడు. స్టాండులో మొహం కడుక్కుని అలాగే వచ్చాడు.

"తెలిసినాయన, కాంగేయంలో దిగిపోతాడు," అని ముసలాయన్ని ఎక్కించుకున్నాడు.

ఇప్పుడు ముసలాయన దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"చూపు ఆనదు తంబీ. నువ్వూ దిగి కాస్త చెయ్యి పట్టుకో," అన్నాడు డ్రైవర్‌తో.

"ఒంటేలుకి కూడా తోడు కావాలా పెళ్ళికొడుక్కి!" అన్నారెవరో.

మళ్ళీ నవ్వులు.

పళ్ళిపాళయం వంతెన దాటాక ఆయనకి వక్కపొడి కావలసివచ్చింది. ఈరోడ్ దాటాక టీ కావలసివచ్చింది. గ్లాసు తెచ్చి డ్రైవర్ చేతిలో పెట్టాడు. తను మాత్రం తాగలేదు.

నాచిముత్తు తల్లి పావాయి ఇక ఊరుకోలేకపోయింది.

"ఒరే నాచీ, సారె బండిని సంత బండి చేశాడురా వీడు! మీ చెల్లెలి అత్తగారు నన్ను బతకనిస్తుందా? దింపెయ్యి వీణ్ణి!"

"ఇంక ఆపమననమ్మా. ఉత్తినే కూర్చుంటా. అబ్బాయితో రెండు మాటలు మాట్లాడుకుంటూ..."

"డ్రైవర్‌తో నీకేం మాటలు? దిగు!"

ముసలాయన కదల్లేదు. నాచిముత్తు ముందుకొచ్చి జబ్బ పట్టుకున్నాడు.

అప్పుడు అనేశాడు ముసలాయన ఆ మాట.

"ఆ అబ్బాయి కళ్ళు చూడండి సామీ. నిద్ర లేదు. ఒక్క అరగంట చెట్టు కింద పడుకోనివ్వండి. లేదంటే బండి..."

"నోర్ముయ్!" పావాయి చెవులు మూసుకుంది. "శుభానికి పోతుంటే పాడు మాటలా? నీ నోట మన్ను పడ!"

నాచిముత్తు డ్రైవర్ వైపు తిరిగాడు.

"ఏం, నిద్రొస్తోందా నీకు? వస్తే చెప్పు. మీ ఓనరుకి ఇప్పుడే ఫోన్ చేస్తా."

తంగరాసు ముసలాయన వైపు ఒక్కసారి చూశాడు.

"లేదండీ," అన్నాడు.

"విన్నావా? ఇక దిగు."

దింపేశారు. ఆయన సంచీని కిటికీలోంచి రోడ్డు మీదకి విసిరారు.

ముసలాయన సంచీ కేసి చూడలేదు. డ్రైవర్ తలుపు పట్టుకుని బండితోపాటు పరిగెత్తాడు.

"పాటలు పెట్టుకో తంబీ! అద్దం దించుకో! మొహాన నీళ్ళు..."

వ్యాను వేగమందుకుంది.

ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. సందడి సద్దుమణిగింది. పొద్దున్నే లేచిన ఒళ్ళు, కిటికీలోంచి గాలి. అరచలూరు దాటేసరికి వ్యానులో అందరూ నిద్రపోయారు.

అందరూ.

తిన్నటి రోడ్డు. పట్టపగలు. ఎదురుగా ఇంకో బండి కూడా లేదు. పక్కనున్న చింతచెట్టుకి పోయి గుద్దుకుంది వ్యాను. బ్రేకు వేసిన గీత కూడా రోడ్డు మీద కనిపించలేదు.

ఆసుపత్రి వరండాలో పావాయి తలకి కట్టుతో కూర్చుని ఉంది. నాచిముత్తు కుడిచెయ్యి విరిగింది. వెనక సీట్లవాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. తంగరాసు ఒక్కడూ లోపల తెల్లగుడ్డ కింద ఉన్నాడు.

"తాగుంటాడు వెధవ!" నాచిముత్తు అరుస్తున్నాడు. "ఇంతమంది ప్రాణాలతో ఆడుకుంటాడా? పోయాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనే చంపేవాణ్ణి!"

చుట్టూ ఉన్నవాళ్ళు నిజమేనన్నట్టు తలలూపారు. కాదనాల్సినవాడు లేచి కాదనలేడు కదా.

అప్పుడు వరండా మెట్లెక్కి వచ్చాడు ముసలాయన. కాళ్ళకి చెప్పులు లేవు. ఒంటినిండా దుమ్ము.

పావాయి ముందుగా చూసింది.

"అదిగో, వాడే! వాడి నోటి మాటే తగిలింది మనకి!"

నాచిముత్తు లేచి ఎడమచేత్తో ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"బండెక్కింది మొదలు నీ గోలేరా! ఎవడివిరా నువ్వు? ఆ తాగుబోతు నీకేమవుతాడు?"

ముసలాయన విడిపించుకోలేదు. లోపలి గదివైపే చూస్తున్నాడు.

"వాడు తాగడు సామీ," అన్నాడు మెల్లగా. "సొంతవాళ్ళని బండెక్కిస్తే ఓనరు పనిలోంచి తీసేస్తాడు. అందుకే దారంతా నన్ను నాన్నా అని పిలవలేదు."