మెయినూ స్పేరూ

మోపిదేవిలో పెళ్లి. మండపం గుమ్మంలో ఫొటోగ్రాఫర్ భుజంగరావు కొత్త డిజిటల్ కెమెరా మెడలో వేసుకున్నాడు. తీసేసి పాతది వేసుకున్నాడు. అదీ తీసేశాడు.

"కొత్తది మెయినూ, పాతది స్పేరూ అని గుడివాడలోనే అనుకున్నాంగా! ఎందుకండీ ఈ కంగారు?" అంది, లైటు పట్టడానికి వచ్చిన భార్య రత్నకుమారి.

"రెండిట్లోనూ మసగ్గానే కనపడుతోంది."

ఆమె రెండిట్లోంచీ చూసింది. పీటల మీదున్న పెళ్లికూతురి బుగ్గచుక్క కూడా స్పష్టంగా ఉంది.

"మసక మీ కళ్లకా? ఎన్నాళ్ల నుంచండీ?"

"వేసవి నుంచి. ఎవరితోనూ అనకు."

లోపల మేళం మొదలైంది. రత్నకుమారి కొత్త కెమెరా తన మెడలో వేసుకుంది.

"నేను నొక్కుతాను. మీరు మంత్రాలు వింటూ నా వెనకే నిలబడండి. తాళి కట్టేముందు నా భుజం తట్టండి."