చేపల తొట్టి దగ్గర తీర్మానం

మా నాందేడ్ కళాశాల చర్చావేదికపై మంగేశ్‌ను నిరుత్తరుణ్ణి చేయడం నాకెన్నడూ సాధ్యపడలేదు. అందుకే, తన చేపల తొట్టిలో గులకరాళ్ల మురికి లాగేందుకు అతడు పైపును నోట పెట్టుకున్న క్షణాన్నే ఎంచుకున్నాను.

“ఐతారం మా ఇంటికచ్చి బాపుతోని మన లగ్గం సంగతి మాట్లాడాలె. కాదంటే ఇప్పుడే చెప్పు!”

అతడు కళ్లు మాత్రం మిటకరించాడు.

“మౌనం అర్ధాంగీకారం. తీర్మానం నెగ్గింది!” నా గంతుకు చేపలన్నీ బెదిరి ఫిల్టరు చాటున దూరాయి.

అతడు తాపీగా పైపును నోటినుంచి తీసి, దాని నడుమనున్న రబ్బరు బుడ్డిని నొక్కాడు. నోటితో పీల్చే పనే లేకుండా నీరు జలజలా బకెట్లోకి దూకింది.

నేను ఆ బుడ్డివైపు వేలు చూపాను. “మరి నోట్లె ఎందుకు పెట్టుకున్నవ్?”

“నా నోరు ఖాళీగుంటే నువ్వు అడుగుతుంటివా, ప్రాచీ?”