మాడు మీది ఆముదం

లోపలి గదిలోంచి బిడ్డను తెచ్చి చేతికివ్వగానే కరీమాబీ ముందు టోపీ కింద మాడు తడిమి చూసింది. పొద్దున తను అద్దిన ఆముదం అద్దినట్టే ఉంది. లోలోపల పళ్లు నూరింది. పైకి మాత్రం ఏమీ తెలియనిదానిలా నవ్వి, ఎలా ఉందని అడిగింది.

"భయం లేదు మామ్మగారూ. మెదడులో నీటి గదులు పదకొండు మిల్లీమీటర్లే ఉన్నాయంట. వారం వారం తీసుకురండి" అన్నాడు కాంపౌండర్ లాజరు.

తెనాలిలో డాక్టర్ పూర్ణచంద్రరావు స్కానింగ్ సెంటర్ అంటే మాటలు కాదు. ఏసీ గది, గోడ నిండా సర్టిఫికెట్లు, చెప్పులు బయటే విప్పాలి. ఏడాది కిందట, 2004లో, ఇదే బెంచీ మీద కరీమాబీ కూతురు సుల్తానా ఏడో నెలలోనే పుట్టేసిన కొడుకు రిజ్వాన్‌తో కూర్చుంది. నెలలు నిండని బిడ్డ కదా, మెదడులో నీరు పెరుగుతోందేమో వారం వారం కొలిపించమన్నారు పురుడు పోసిన డాక్టరు. నాలుగు వారాలు కొలిపించారు. నాలుగు రిపోర్టుల్లోనూ ఒకటే అంకె. హమ్మయ్య అనుకుని రేపల్లె వెళ్లిపోయారు. ఐదో వారానికి పిల్లాడి తల ఉబ్బిపోయింది. బాపట్లలో కరుణశ్రీ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తేసరికే ఆలస్యమైపోయింది.

ఆ రోజు కరుణశ్రీ మాడు మీది ఆముదాన్ని దూదితో తుడిచి, జెల్లీ రాసి, స్కానింగ్ పరికరాన్ని సరిగ్గా అక్కడే ఆనించింది. ఎముక కలవని ఆ మెత్తని చోటు నుంచే లోపలంతా కనిపిస్తుందని చెప్పింది. కరీమాబీ ఆముదం అంటిన ఆ దూదిని చేతిలోకి తీసుకుని చూసింది. ముప్పై ఏళ్లుగా ఇంటింటికీ తిరిగి పసిబిడ్డలకు నీళ్లు పోస్తున్న మనిషి ఆమె. ఆముదం పెట్టిన మాడును ఎవరు ముట్టుకున్నా ఇట్టే పట్టేస్తుంది. తెనాలిలో నాలుగు వారాలూ మనవడి మాడు మీద ఆముదం చెక్కు చెదరలేదు. ఎంత పదిలంగా చూశారో అని తను మురిసిపోయింది కూడా. ఏం మురిపెం, దిక్కుమాలిన మురిపెం!

పిల్లాడు దక్కలేదు. అల్లుడు షఫీ వెళ్లి నిలదీస్తే, మా మిషను కంటే మీ ఆముదానికి ఎక్కువ తెలుసా అని పూర్ణచంద్రరావు గెంటించాడు. వాడి గొయ్యి వాడి చేత్తోనే తవ్విస్తానని కరీమాబీ ఆ పూటే ఒట్టు పెట్టుకుంది.

అందుకే ఇప్పుడు కరుణశ్రీ రాసిచ్చిన చీటీ పట్టుకుని రేపల్లెలో తెనాలి పాసింజరెక్కింది. పేరడిగితే రిజ్వాన్ అనే రాయించింది. వారం వారం అదే పచ్చ టవలు, అదే ఉన్ని టోపీ. మొదటి వారం గుక్కపెట్టి ఏడ్చిన బిడ్డ రెండో వారం రెప్ప ఎత్తలేదు. మూడో వారం లాజరు, పిల్లాడు ఒళ్లు చేశాడే అన్నాడు. నేను నీళ్లు పోస్తే అంతేనయ్యా అంది కరీమాబీ. నాలుగో వారం కూడా రిపోర్టులో పదకొండే. మాడు మీద ఆముదమూ అలాగే ఉంది.

ఐదో వారం ఆమె వట్టి చేతులతో వచ్చింది. వెంట కరుణశ్రీ, వైద్యశాఖ అధికారి ఎజ్రా ఉన్నారు. నాలుగు రిపోర్టులూ బల్ల మీద పరిచారు. పూర్ణచంద్రరావు తొణకలేదు. సంతకాలు తనవేనన్నాడు. ప్రతి వారం దగ్గరుండి కొలిచానన్నాడు.

"నాలుగుసార్లూ ఒకే కొలత ఎలా వచ్చిందండి?" అన్నాడు ఎజ్రా.

"ఒకే బిడ్డ కాబట్టి సార్. ఆ తల నాకు కంఠతా వచ్చు. నెల రోజుల్లో వెంట్రుకవాసి తేడా లేదు. కావాలంటే రాసిస్తాను."

"రాయండి బాబూ" అంది కరీమాబీ.

ఆయన దర్జాగా రాసి, సంతకం చేసి ఇచ్చాడు. ఆ కాగితం ఎజ్రా ఫైల్లోకి వెళ్లేదాకా ఆగి, కరీమాబీ తలుపు తీసి, రండమ్మా అని పిలిచింది.

నాలుగు వారాల్లో వారానికొకరు చొప్పున రిజ్వాన్ పేరుతో ఆ గదిలోకి వెళ్లొచ్చిన నలుగురు బిడ్డల్ని ఎత్తుకుని నలుగురు తల్లులు వరసగా లోపలికొచ్చారు. ఆ నలుగురు బిడ్డల్లో ఇద్దరు ఆడపిల్లలు.