కారణం అడగలేదు

“మీరు బయటికి వెళ్తే బాగుంటుంది,” అన్నాడు అన్న, కౌంటరు వెనక నుంచి లేవకుండానే.

గుమ్మంలో ఉన్న మనిషి కదల్లేదు. మడమల దాకా నీలం పువ్వుల గౌను, భుజాల మీద పడే విగ్గు, పెదవులకు పలచగా రంగు. అన్నాచెల్లెళ్ళు నడిపే ఆ ఫోటో స్టూడియోలో అప్పటికే ఒక కుటుంబం తమ వంతు కోసం కూర్చుని ఉంది. వాళ్ళ పాప ఏడుపు ఆపి మరీ అతన్ని చూస్తోంది.

“ఫోటో దిగడానికొచ్చానండీ. పైవీధి స్టూడియోలో వద్దన్నారు, కుటుంబాలొచ్చే చోటట. నాకూ ఇంట్లో అమ్మ ఉంది మరి,” అన్నాడతను.

లోపల తెర సర్దుతున్న చెల్లెలు ఆ గొంతు విని గిరుక్కున తిరిగింది. మీసాల డ్రైవరు! బస్సెక్కే వాళ్ళందరికీ తెలిసిన మనిషి. నిమ్మకాయలు నిలబెట్టుకోదగ్గ ఆ మీసం ఇప్పుడు లేదు. నున్నగా గీయించేశాడు.

కూర్చున్న వాళ్ళలో పెద్దాయన హెడ్మాస్టరు. బడిపిల్లల ఫోటోల పనంతా ఏటా ఈ స్టూడియోకే ఇస్తాడు. “ఈయన లేచిన కుర్చీలో మా మనవరాల్ని కూర్చోబెట్టమంటారా?” అన్నాడు అన్నతో.

అన్న చెల్లెలి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “షాపు మనది. ఎవరికి తీయాలో మనిష్టం.”

“షాపు మనదే అన్నయ్యా. ‘అన్ని రకాల ఫోటోలు తీయబడును’ అని బోర్డు రాయించింది మాత్రం నువ్వే.”

“అంటే ఒంటి మీద నూలుపోగు లేకుండా వచ్చినా తీస్తావా?”

“అలా వస్తే వద్దందాం. ఈయన ఒంటి మీద నాకంటే నిండుగానే ఉన్నాయి బట్టలు.”

అన్నకు నవ్వొచ్చినంత పనైంది. ఆపుకున్నాడు. “పోనీ, ఎందుకో చెప్పమను. నాటకమో, పందెమో, ఏదో ఒకటి. చెప్తే తీసేద్దాం. హెడ్మాస్టరుగారికి నేను సర్దిచెప్తాను.”

ఆ మాట డ్రైవరు చెవిన పడింది. “చెప్తే తీస్తారు, చెప్పకపోతే తీయరు. అంతేనా బాబూ?” అన్నాడు. గొంతులో కోపం లేదు. “పాపకి ఫోటో ఎందుకని వాళ్ళని అడిగారా మీరు?”

అన్న హెడ్మాస్టరు వైపు చూశాడు. చెల్లెలికి మాత్రం బస్సు గుర్తొచ్చింది. పని నేర్చుకునే రోజుల్లో, మంచాన పడ్డ నాన్నకు అన్నీ అమర్చి ఆమె ఇంట్లోంచి బయటపడేసరికి రోజూ ఆలస్యమే. కెమెరా సంచీతో రొప్పుతూ సందు మలుపు తిరిగేసరికి బస్సు ఆగి ఉండేది. లోపల జనం సణుగుతున్నా, ఆమె ఎక్కిందని అద్దంలో చూసుకున్నాకే డ్రైవరు గేరు వేసేవాడు. ఎందుకమ్మా రోజూ ఆలస్యం అని ఏనాడూ అడగలేదు. అడిగి ఉంటే అందరి ముందూ ఏడ్చేసేది.

“లోపలికి రండి,” అంది డ్రైవరుతో.

హెడ్మాస్టరు లేచి పాపను ఎత్తుకున్నాడు. “మా బడి ఫోటోలకి ఇంకో చోటు చూసుకుంటాం లెండి,” అని ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

“నోటికాడి కూడు నడిచి వెళ్ళిపోతోంది, చూడు,” అన్నాడు అన్న.

“చూశాను,” అంది. అయినా వెళ్ళి లైట్లు వేసింది.

స్టీరింగు తిప్పి తిప్పి మొద్దుబారిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో డ్రైవరుకు తెలియలేదు. ఆమే ఒళ్ళో పెట్టించింది.

“నవ్వమంటారా?” అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోపే, “కొంచెం చాలు. పళ్ళు కనబడకూడదు,” అని తనే సర్దుకున్నాడు.

మొదటి ఫోటో చూసి తల అడ్డంగా ఊపాడు. రెండోసారి మెడ కాస్త ఎడమకు వంచాడు. ఈసారి కెమెరా తెర మీద బొమ్మను చాలాసేపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు నిండాయి.

“ఇదేనమ్మా. గోడకి తగిలించే సైజులో కావాలి. మా ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. పోయినేడు ఏరు పొంగినప్పుడు అన్నీ కొట్టుకుపోయాయి.”

“రేపు సాయంత్రానికి ఫ్రేము కట్టించి ఉంచుతాను.”

అతను వెళ్ళబోతూ ఆగాడు. “నువ్వు కూడా అడుగుతావేమోనని భయపడ్డానమ్మా. అడిగుంటే చెప్పలేక వెనక్కెళ్ళిపోయేవాణ్ణి. ఈ మేలు మర్చిపోను.”

“బస్సు ఆపినప్పుడు మీరు నన్నడిగారా?” అంది.

మర్నాడు డ్రైవరు ఖాకీ బట్టల్లో వచ్చాడు. చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ కూడా వచ్చింది. రాత్రంతా సణిగిన అన్నే, ముసలావిణ్ణి చూసి కుర్చీ తెచ్చి వేశాడు. తల్లి ఎదుట ఆ ఫోటో విప్పాలంటే చెల్లెలికి చేతులాడలేదు. కొడుకుని ఈ వేషంలో చూసి ఆవిడ ఏమైపోతుందో.

“ఇంటికెళ్ళాక విప్పుకుంటారా?” అని నెమ్మదిగా అడిగింది.

“ఇక్కడే విప్పమ్మా,” అన్నాడు డ్రైవరు.

కాగితం తీసి ఫ్రేము ఆవిడ ఒళ్ళో పెట్టింది. ముసలావిడ కళ్ళజోడు తుడుచుకుని వంగి చూసింది. అన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆవిడ వేలితో ఫోటోలోని బుగ్గ నిమిరింది. చెల్లెలి చెయ్యి లాక్కుని కళ్ళకద్దుకుంది. తర్వాత కొడుకు వైపు తలెత్తింది.

“అచ్చం పోయిన మీ అక్కేరా.”