తెర మీద పాదం

నా భార్య చివరి రోజు పొద్దున పదింటికి ఇద్దరం స్కానింగు గదిలో ఉన్నాం. ఆమె ఎడమకాలిలో మూసుకుపోయిన రక్తనాళాన్ని మూడు వారాల కిందట తెరిచారు. వేళ్ల దాకా రక్తం అందుతోందో లేదో ఆవేళ కెమెరాతో చూస్తామన్నారు. అందకపోతే పాదం తీసేయాలి.

"రెండు నిమిషాలు కదలకండమ్మా," అన్నాడు టెక్నీషియన్.

"బాగా కదిలే కాలైతే ఇక్కడికెందుకొస్తాను నాయనా?" అంది.

తెర మీద పాదం కనబడింది. మడమ నుంచి వేళ్ల చివరల దాకా ఎర్రగా, నిప్పులా ఉంది. ఇక పాదం పోయినట్టే అనుకున్నాను.

"ఎలా ఉంది బాబూ?" అన్నాను.

"మేం చెప్పకూడదండీ. రేపు డాక్టరుగారు చెప్తారు."

ఆమె తెర వైపు చూడలేదు. నా ముఖం చూసింది.

ఇంటికొచ్చే దారిలో నా చెయ్యి పట్టుకుంది. "పోతే పోనీండి. ఇకనుంచి నా చెప్పు ఒక్కటే వెతుకుదురుగాని. ఎలాగూ మీకెప్పుడూ రెండోది దొరకదు."



సాయంత్రం మంచం మీద కూర్చుని ఆ పాదాన్ని చాలాసేపు నిమురుకుంది. ఆరింటికి గుండె ఆగిపోయింది.

మర్నాడు డాక్టరుగారు ఫోను చేశారు. "అమ్మగారు రాలేదేమండీ? భయం లేదని చెప్పండి, పాదం దక్కింది. తెర మీద అంతా ఎరుపే, రక్తం బ్రహ్మాండంగా అందుతోంది. అందకపోతే నీలంగా కనబడేది."

రేపు పొద్దున ఆ గదికి వెళ్తాను. ఎరుపు కనబడితే మంచిదేనని పెద్ద అక్షరాలతో రాసి, తెర పక్కన అంటించమని ఆ టెక్నీషియన్‌ని అడుగుతాను.