సమ్మె అయిపోగానే

"ఇక్కడ తెలంగాణ కోసం సమ్మె జరుగుతోంది. బస్సులు కూడా తిరగడం లేదు. సమ్మె అయిపోగానే వచ్చేస్తాను," అని సులోచన ల్యాప్‌టాప్‌లో కనిపిస్తున్న పిల్లలకు ఇంగ్లిషులో చెప్పింది.

మాల్దీవుల్లో ఆమె ఏళ్లతరబడి పాఠాలు చెప్పిన పిల్లలు వాళ్లు. సెలవులకు వెళ్తున్నానని చెప్పి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసింది.

"సరే టీచర్! పడవ వచ్చినప్పుడల్లా రేవుకెళ్లి చూస్తున్నాం," అన్నాడు నాషిద్.

సులోచన గబుక్కున కాల్ కట్ చేసింది. వెనక మంచం మీద కూర్చున్న కూతురు జ్యోతిక అంతా విన్నది.

"రాజీనామా ఇచ్చొచ్చినవు గద అమ్మా. ఇగ రానని చెప్తే ఏమైతది?"

"ఏడుస్తరు బిడ్డా. నాకు మనసొప్పలే."

"నేను ఏడుస్తననే గద, చిన్నగున్నప్పుడు నన్ను నిద్రపుచ్చి మాల్దీవులకు పోయినవ్?"

సులోచన తలెత్తలేదు. "చిన్నపిల్లలున్న ఇంట్ల అందరు గట్లనే పోతరు. లేచినంక అమ్మమ్మ ఏదో ఒకటి చెప్పి మరిపిస్తదనుకున్న."

"చెప్పింది. అమ్మ దుకాణానికి పోయింది, చాక్లెట్ తెస్తదన్నది. నేను రోజూ పోయి గల్లీ దుకాణం మెట్ల మీద కూసునేదాన్ని. పొద్దుగూకినంక అమ్మమ్మ ఎత్తుకొచ్చేది."

"గీ సంగతి నాకెవ్వరు చెప్పలే!"

"చెప్తే నువ్వు ఏడుస్తవని."

బయట రోడ్డు మీద జై తెలంగాణ నినాదాలు దగ్గరవుతున్నాయి. జ్యోతిక లేచి మళ్లీ కాల్ కలిపింది. ల్యాప్‌టాప్‌ను తల్లి ముందుకు జరిపింది.

తెర మీద పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుతున్నారు.

"అప్పుడే సమ్మె అయిపోయిందా, టీచర్?"